తాడును చుట్టి వెళ్ళిన పాటమేస్త్రి

తామరకొండ చుట్టూ ఉన్న ఏడు లోయల్లో కాంగ్ యూన్‌షాన్ పేరు వినని మనిషంటూ ఉంటే, నిన్న గాక మొన్న పుట్టినవాడై ఉండాలి. తన గొప్ప తాను చెప్పుకునే మనిషి కాడు కాబట్టి ఆ పని మేమే చెయ్యాలి. చదివింది ఊరి బడిలో ఐదో తరగతి దాకా. ఆ ఐదు తరగతుల అక్షరాలతోనే నలభై ఏళ్ళపాటు ఊళ్ళో ప్రతి గుమ్మానికీ కొత్త సంవత్సరపు శుభవాక్యాల ఎర్రకాగితాలు రాసిపెట్టాడు. కొండ మీద పాటల జాతరలో ఆయన భుజాన వేసిన ఎర్రపట్టు వస్త్రాలు పదకొండు. బహుమతిగా వచ్చిన పూలబొమ్మల బేసిన్లు ఆరు, వేడినీళ్ళ ఫ్లాస్కులు నాలుగు, జిల్లావాళ్ళు ఇచ్చిన ప్రశంసాపత్రాలు మూడు. మూడింట్లో ఒకదాన్ని ఎలుకలు కొట్టేశాయి, అయినా అదీ లెక్కలోదే. వీటన్నిటికీ పైమాట ఒకటుంది. ముప్పై ఒక్కేళ్ళలో ఆయన గుంపు ఒక్కసారి కూడా తాడును చుట్టి వెళ్ళలేదు.

ఇంత పేరున్న మనిషి గొంతు మాత్రం పగిలిన కుండ. పాట ఎత్తుకుంటే మేకలు కూడా తల తిప్పుకునేవి. అందుకే ముప్పై ఏడో ఏట ఆయన్ని పాడేవాళ్ళ వెనక నిలబెట్టారు. మా కొండ మీద అలా నిలబడేవాణ్ణి పాటమేస్త్రి అంటారు. పాడేవాళ్ళు ముగ్గురో నలుగురో ఉంటారు, గొడుగులు పట్టుకుని, చెవి దగ్గర అరచెయ్యి ఆనించుకుని. మేస్త్రి వాళ్ళ వెనక తిరుగుతూ అప్పటికప్పుడు పాదం కట్టి, ఒక్కొక్కరి చెవిలో ఒక్కొక్క వరుస ఊదుతాడు. మొదటివాడు పాడుతుండగానే రెండోవాడి చెవిలో పడాలి, రెండోవాడి పాట అయ్యేలోగా మూడోవాడికి అందాలి. అక్కడ తడబడితే నలుగురి పరువూ పోతుంది. రాసుకోవడం లేదు, దిద్దుకోవడం లేదు. చెవిలో పడిన మాట నోట్లోంచి బయటికొస్తే ఇక కొండదే.

తాడు సంగతీ చెప్పాలి. ఆరో నెల మొదటి రోజు నుంచి ఆరో రోజు దాకా జనం కొండెక్కుతారు. దారి పక్క ఊళ్ళవాళ్ళు పొడుగాటి గడ్డి పేని, దానికి అడవిపూలు గుచ్చి, దారికి అడ్డంగా పట్టుకుంటారు. వాళ్ళొక పాట విసురుతారు, వచ్చేవాళ్ళు దానికి పాటతోనే జవాబివ్వాలి. జవాబు నచ్చితే తాడు పైకెత్తి సాగనంపుతారు. నోరు పెగలని గుంపు పక్కనున్న వాగులోకి దిగి, దురదగొండి మొక్కల్లోంచి చుట్టూ తిరిగి పోవాలి. వాళ్ళ వెనక ఈలలు, కేకలు. కాంగ్ యూన్‌షాన్ చెప్పులకు ముప్పై ఒక్కేళ్ళలో ఆ వాగు బురద అంటలేదు.

ఇంకొక్క కట్టుబాటుంది, అది అన్నిటికంటే పెద్దది. ఈ పాటలు కొండవి, ఇంటివి కావు. ఊళ్ళో, పొయ్యి దగ్గర, ఇంటి దూలం కింద వీటిని కూనిరాగం కూడా తియ్యరు. పడుచుదనపు పాటలు కదా! తండ్రి ముందు కూతురు, మామ ముందు కోడలు పాడటం మాట అటుంచి, ఒకచోట కూర్చుని వినకూడదు. పొరపాటున ఎదురుపడితే ఎవరో ఒకరు లేచి పోతారు. అందుకని జాతరకు ఇంటిల్లిపాదీ వచ్చినా, డేరాలు పక్కపక్కనే వేసినా, తెల్లారి టీ తాగగానే ఎవరి స్నేహితులతో వాళ్ళు, ఎవరి వాలు మీదికి వాళ్ళు వెళ్ళిపోతారు. పొద్దుగూకే వేళకి మళ్ళీ ఒకే కుండ చుట్టూ చేరతారు. ఎక్కడికి పోయావని ఎవరూ ఎవరినీ అడగరు.

ఆ ఏడు కాంగ్‌కి అరవై ఎనిమిది. కొడుకు పట్నంలో కట్టడం పనిలో ఉండిపోతే, కోడలు యూచినే మూడు చక్రాల బండి నడుపుకుంటూ అత్తమామల్నీ, ఆరేళ్ళ మనవరాలినీ, రెండు డేరాలనీ, మందపాటి గోధుమ రొట్టెలు పదహారింటినీ కొండ కింది పచ్చిక దాకా తెచ్చింది. యూచిన్ అవతలి లోయ పిల్ల. పెళ్ళయి తొమ్మిదేళ్ళు. మామ ముందు పట్టుమని పది మాటలు మాట్లాడదు. ఉడికించిన బంగాళాదుంపల గిన్నె రెండు చేతులా అందిస్తుంది, కళ్ళు దించుకుని పక్కకు తప్పుకుంటుంది. ఏటా జాతరలో "అత్తయ్యా, మా పుట్టింటివాళ్ళ డేరా దాకా వెళ్ళొస్తా" అని ఒక మాట చెప్పి వెళ్తుంది, సాయంత్రానికి వచ్చి పొయ్యి రాజేస్తుంది. నోరులేని పిల్ల అని కాంగ్ అభిప్రాయం. మంచి పిల్లే గాని, కాస్త మందం అని కూడా.

వంకర మలుపు దగ్గర కాంగ్ బండి ఆపించాడు. ప్రతి ఏడూ అక్కడ దిగుతాడు, తలమీది తెల్లటోపీ తీస్తాడు. పొగమంచు ఆ ఉదయం శిఖరాల నడుమ మెల్లగా కదులుతోంది. ఒక్కొక్క రాతిరేకూ బయటపడుతుంటే కొండ అప్పుడే విచ్చుకుంటున్నట్టుంది. దాని కింద పచ్చికంతా డేరాలు, వేలకు వేలు, తెల్లవి, నీలివి, ఎర్రచారలవి. వాటి పొగలన్నీ ఒకటై పైకి లేస్తున్నాయి. ఇక పాటలు! ఏ వాలు మీద ఎవరు పాడుతున్నారో తెలియదు. ఒక గొంతు లేస్తుంది, దాని మీద ఇంకోటి, అవతలి గట్టు మీదినుంచి మరోటి. కొండే ఊపిరి పీల్చి వదులుతోందా అనిపిస్తుంది. తొమ్మిదో ఏట నాన్న భుజాల మీదినుంచి మొదటిసారి చూసినప్పుడు ఎలా నోరు తెరిచాడో, ఇప్పుడూ అలాగే తెరిచాడు.

"ఏమయ్యా, నోట్లో ఈగ పోతుంది, ఎక్కు" అంది భార్య గుయ్‌లాన్ బండిలోంచి.

డేరా వేయడం పూర్తికాక ముందే ఎర్సా ఊడిపడ్డాడు. గొర్రెల వ్యాపారి, ముస్లిం, కాంగ్‌కి చిన్ననాటి నేస్తం. పక్కనే తన డేరా, తన కుండ, తన మాంసం వేరు. టీ మాత్రం ఇద్దరికీ ఒకటే పొయ్యి మీద, చిన్న మట్టిముంతలో చేదెక్కేదాకా మరుగుతుంది. అతని వెంట మందువేర్ల సాగు చేసే లామెయ్, పైకొండ నుంచి గొంపో వచ్చారు. గుంపంటే ఈ ముగ్గురూ, వెనక కాంగ్.

"ఒరేయ్ యూన్‌షాన్, మోకాళ్ళు ఎలా ఉన్నాయిరా?" అన్నాడు ఎర్సా.

"నీ గొంతు కంటే నయం."

"నా గొంతుకేం! నిరుడు నేను ఎత్తుకుంటే మూడు వాలుల అవతల గుర్రం సకిలించింది."

"దాని పిల్ల తప్పిపోయిందనుకుంది పాపం" అంది లామెయ్, కాంగ్ వైపు తిరిగి. "అన్నా, ఈ ఏడు నాకు మూడో వరుస ఇవ్వకు. ఏడుపు వరుసలన్నీ నాకే ఇస్తావ్."

"నువ్వు ఏడిస్తేనే కదమ్మా జనం నవ్వేది" అన్నాడు గొంపో.

రెండో రోజు పొద్దున కొండెక్కాలి. రాత్రి పడిన వానకు పైదారిలో చెక్కవంతెన కొట్టుకుపోయింది. ముప్పై ఒక్కేళ్ళుగా నడిచిన దారి అది. గత్యంతరం లేక సూదాకుల ఫర్ చెట్ల నడుమగా పోయే కిందిదారి పట్టారు. ఆ దారి అవతలి లోయవాళ్ళది. అక్కడ తాళ్ళు పట్టేవాళ్ళను కాంగ్ ఎరగడు, వాళ్ళకి మాత్రం కాంగ్ పేరు తెలుసు. నాలుగు తాళ్ళు దాటారు. నాలుగూ నవ్వుతూ దాటారు. ఒకచోట ఒక ముసలమ్మ తాడు వదిలేసి వచ్చి, "ఈ మనిషి మాట చల్లగుండా, నా వయసు ఇరవై ఏళ్ళు తగ్గింది" అని ఎర్సా బుగ్గ గిల్లింది. మాట కట్టింది కాంగ్, గిల్లించుకుంది ఎర్సా. ఎప్పుడూ ఇంతే.

ఐదో తాడు దగ్గర జనం విరగబడి ఉన్నారు. గుట్టల మీద, కొమ్మల మీద, ఎక్కడ చూసినా మనుషులే, ఎత్తిపట్టిన ఫోన్లే. అంతకు ముందే మూడు గుంపులు వాగు బురదలోంచి చుట్టి వెళ్ళాయట.

"జాగ్రత్త తాతా" అన్నాడు ఎవడో పడుచువాడు. "ఈ ఆడవాళ్ళ మేస్త్రి మామూలుది కాదు. గొడుగు వెనకుంటుంది, మొహం చూపించదు. తొమ్మిదేళ్ళలో ఒక్క గుంపు కూడా తేలిగ్గా దాటలేదు."

"అలాగా!" అన్నాడు కాంగ్. ఆ మాటకి ఒళ్ళు పులకరించింది. చాలాకాలమైంది సరైన జోడు దొరికి.

తాడుకు అవతల నలుగురు ఆడవాళ్ళు, నాలుగు గొడుగులు. వాళ్ళ వెనక వంగి కదులుతున్న ఐదో గొడుగు, నీలిరంగుది. గొంతు లేచింది. సన్నగా, నిటారుగా, చెట్ల మీదుగా పోయింది.

వాన కురిసి కొండమీద వాగు పొంగింది,
దారికడ్డం కట్టుకున్న తాడు పూసింది,
తడిసి వచ్చే బాటసారీ, తొందరేముంది?
గొడుగు కింద ఒక్కరికే చోటు మిగిలింది.

జనం ఒక్కసారిగా ఓహో అన్నారు. కాంగ్ నవ్వుకున్నాడు. ఆ నాలుగో వరుసలో ఎర ఉంది. మింగినా తంటాయే, మింగకపోయినా తంటాయే. చురుకైన మనిషి. ఆయన అప్పటికే ఎర్సా చెవి దగ్గర ఉన్నాడు. జవాబు మొత్తం తలలో కట్టేశాడు, నాలుగు వరుసలూ పడుచు వరుసలే. గొడుగు పక్కకు జరపమని, నవ్వు చూపమని, ఇంకా ఏవేవో. మొదటి వరుస ఊదాడు. ఎర్సా గుండెనిండా ఊపిరి తీసి ఎత్తుకున్నాడు.

ఏడు వాగులు దాటి వస్తిమి పిల్ల కోసమని...

అప్పుడే గాలి వీచింది. ఫర్ కొమ్మల మీది నీళ్ళు జలజలా రాలాయి. నీలి గొడుగు వెనక్కి ఎగిరింది, కింద మొహం కనిపించింది. పక్కామె చెవి దగ్గర పెదవులు పెట్టి నిలబడి ఉంది యూచిన్.

ఆమె కూడా చూసింది. రక్తం దిగిపోయినట్టు మొహం తెల్లబడింది. గొడుగు మళ్ళీ కిందికి దిగింది.

కాంగ్ లామెయ్ వైపు అడుగేసి ఆగిపోయాడు. అనుకున్న రెండో వరుస లామెయ్ నోట్లోంచి వచ్చిందంటే, మామ కోడలితో సరసమాడినట్టే. సాయంత్రానికి ఏడు లోయల ఫోన్లలో అదే. నోరు మూసుకుని ఊరుకున్నా తప్పే. పాట సగంలో తెగిపోతే ఎందుకు తెగిందని జనం గొడుగు కిందికి తొంగిచూస్తారు. నోరులేనిది అనుకున్న పిల్ల బతుకు ఆ తాడు మీద ఉంది. ఆమెను ఇక ఏ తాడు దగ్గరా నిలబడనివ్వరు. ఎర్సా గొంతు చివరి సాగదీతలో ఉంది. ఇంకో మూడు ఊపిరుల వ్యవధి.

"అన్నా!" లామెయ్ పళ్ళబిగువున గొణిగింది. "చెప్పు! చచ్చిపోయావా?"

ముప్పై ఒక్కేళ్ళలో ఎన్ని వేల పాదాలు కట్టాడో. కట్టిన పాదాన్ని నోటి అంచున విరిచి మళ్ళీ అతికించింది లేదు. ఇప్పుడు విరిచాడు. లామెయ్ చెవిలో ఊదాడు. ఆమె కళ్ళు పెద్దవయ్యాయి, అయినా మేస్త్రి మాట మేస్త్రి మాటే.

పడుచునాటి మాట అది, పాతబడ్డదని,

గొంపోకి మూడోది. నాలుగోది ముగ్గురికీ కలిపి.

నెరిసినట్టి తలలు వంచి కొండతల్లికని
మొక్కు మోసి తెచ్చినాము, దారి ఇమ్మని.

నవ్వడానికి సిద్ధంగా ఉన్న జనం నవ్వలేదు. ఒక పెద్దాయన టోపీ తీశాడు. సరసంగా మొదలై మొక్కుగా ముగిసిన పాదాన్ని ఆ దారిలో ఎవరూ విని ఉండరు. కొండకు మొక్కే పాట ఎవరి ముందైనా పాడవచ్చు, మామ ముందు కోడలు కూడా. కాంగ్ ఒక తలుపు తెరిచి నిలబడ్డాడు. ఆ పిల్ల అందులోంచి రాగలదా లేదా అన్నదే మిగిలింది.

నీలి గొడుగు కదల్లేదు. ఒక్క క్షణం, రెండు క్షణాలు. తరవాత ఆ గొడుగు మెల్లగా మొదటి ఆడమనిషి వైపు జరిగింది.

తాడు పేనిన గడ్డి మాది, నేల మీదేను,
వాగు పాడిన పాట వెనుక మంచు మీదేను,
దారి అడిగే పెద్దలారా, దారి మీదేను,
అడ్డు నిలిచిన తప్పు ఒకటే మాది, మాదేను.

పైన శిఖరాల మీద మబ్బు విడిపోయింది. అది పాటకు విడిపోయిందని మా వాళ్ళలో సగంమంది ఇప్పటికీ ఒట్టేసి చెబుతారు. జనం అరవలేదు, కేకలెయ్యలేదు. చెట్లనుంచి నీటిచుక్కలు పడటం వినిపించింది. ఆ తరవాత ఒకేసారి లోయ లోయంతా హోరెత్తింది.

కాంగ్ యూన్‌షాన్ ఒంటిమీద వెంట్రుక వెంట్రుకా లేచింది. నాలుగే వరుసలు. వాటిలో క్షమాపణ ఉంది, మర్యాద ఉంది, తాడు ఎత్తకముందే దారి ఇచ్చేయడం ఉంది. మంచు మీదేను! వాగు తాను పాడుతున్నాననుకుంటుంది, పైన కరిగేది ఎవరో దానికి తెలుసు. ఇది ఎవరు నేర్పారు? తొమ్మిదేళ్ళుగా తన ఎదుట బంగాళాదుంపలు పెట్టి తలొంచుకుని వెళ్ళిపోయిన పిల్ల, ఆ వంచిన తలలో ఇంత పెద్ద కొండ మోస్తోందా? మనిషిని ఇంట్లో పెట్టుకుని మందం అనుకున్నాడే! మలుపు దగ్గర టోపీ తీసి శిఖరాల్ని చూసినప్పటి వణుకే ఇప్పుడు మళ్ళీ పాదాల నుంచి పైకి పాకింది.

ఆడవాళ్ళు నవ్వుతూ తాడు పైకెత్తారు. ఎర్సా ఛాతీ విరుచుకుని ముందుకు కదిలాడు.

"ఆగు" అన్నాడు కాంగ్.

"ఏమైందిరా?"

"మనం ఇటు పోకూడదు." ఆయన వాగు వైపు తిరిగాడు. "వాళ్ళ పాదం గెలిచింది. చుట్టి పోవాలి."

"పిచ్చెక్కిందా? తాడు ఎత్తారు కదరా!"

"వాళ్ళు మర్యాదకి ఎత్తారు. మనం మర్యాదకి దూరకూడదు."

"ముప్పై ఒక్కేళ్ళు అన్నా!" లామెయ్ దాదాపు ఏడ్చినంత పని చేసింది. "ఒక్క అడుగేస్తే ముప్పై రెండు!"

"పాటకి మేస్త్రి ఎవడు, నువ్వా నేనా?"

జనం నిశ్శబ్దంగా చీలి దారిచ్చారు. ఈల వెయ్యడానికి ఒక్క నోరూ లేవలేదు. ఆయన కర్ర ఊతంగా వాగులోకి దిగాడు. మోకాళ్ళ దాకా బురద, నడుం దాకా దురదగొండి. వెనక ముగ్గురూ తిట్టుకుంటూ దిగారు. పైన తాడు పక్కన నీలి గొడుగు మూసి ఉంది. దాన్ని రెండు చేతులా పట్టుకుని, ఒకామె నడుం వంచి నిలబడి ఉంది. ఆయన అటు చూడలేదు. చూడకూడదు కూడా.

సాయంత్రం డేరా ముందు పొయ్యి చుట్టూ అందరూ చేరారు. యూచిన్ రొట్టె తుంచి మామ ముందు పెట్టింది. గుయ్‌లాన్ భర్త కాళ్ళ మీది దద్దుర్లకు వెనిగర్ రాస్తోంది.

"ఈ వయసులో వాగులో దిగాల్సిన ఖర్మేమిటయ్యా?"

"తాడు దగ్గర ఓడిపోయాను."

గుయ్‌లాన్ చెయ్యి ఆగింది. "నువ్వా? ఎవరి చేతిలో?"

"ఎవరో మరి. గొడుగు అడ్డముంది." ఆయన పొయ్యిలోకి చూస్తూ ముంతలో టీ ఊదుకున్నాడు. "ఎవరైనా గాని, ముప్పై ఒక్కేళ్ళలో అలాంటి పాదం నా చెవిన పడలేదు. వాళ్ళింటివాళ్ళు ఎంత అదృష్టవంతులో పాపం, వాళ్ళకి తెలుసో లేదో."

యూచిన్ పొయ్యిలో పుల్ల ఎగదోసింది, అవసరం లేకపోయినా. పొగ కళ్ళలోకి పోయిందని చెప్పి చొక్కా చేతి అంచు కళ్ళకు అడ్డం పెట్టుకుంది. గుయ్‌లాన్ మొగుణ్ణి చూసింది, కోడల్ని చూసింది. నలభై అయిదేళ్ళ కాపురం చేసిన మనిషి. వెనిగర్ సీసాకి మూత పెట్టింది.

మర్నాడు పొద్దున చెక్కవంతెన కట్టలేదని తెలిసింది. పైకి పోవాలంటే మళ్ళీ కిందిదారే. ఎర్సా హుషారుగా వచ్చాడు.

"పద, నిన్నటి బాకీ తీర్చుకుందాం. ఆ నీలి గొడుగుని ఇవాళ వదిలేది లేదు."

"మనం వెనకవాలు మీదుగా పోదాం" అన్నాడు కాంగ్.

"వెనకవాలా! అది రెండు కోసులు ఎక్కువరా! నీ మోకాళ్ళు..."

"అక్కడ గాలి బావుంటుంది."

"గాలి! ఒరేయ్, ఆ ఆడదానికి భయపడుతున్నావని ఒప్పుకో."

"భయపడుతున్నాను" అన్నాడు కాంగ్ యూన్‌షాన్, పదకొండు పట్టువస్త్రాల మనిషి. ముగ్గురూ నోళ్ళు తెరిచారు.

కొండకు వెనకవైపు ఎవరూ లేరు. తడిరాళ్ళ మీద నలుగురే నడుస్తున్నారు, అయిదడుగులకోసారి ఆగుతూ. పొద్దు చెట్లపైకి వచ్చేసరికి అవతలి లోయనుంచి ఒక గొంతు లేచింది. సన్నగా, నిటారుగా. మాటలు తెలియడం లేదు, అంత దూరం. తరవాత జనం హోరు, కొండ ఇటుపక్క రాళ్ళలో కూడా సన్నని అదురు పుట్టించేంతగా.

కాంగ్ నిలబడిపోయాడు. టోపీ తీశాడు.

"మళ్ళీ ఏమైంది?" అన్నాడు గొంపో.

"ఏం లేదు. కాస్త ఆగండి, అయిపోనీ."